ఎడమ కాలి లెక్క

2015 జూలై 14న టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెంలో, పిరనీస్ కొండల్లోని లా పియర్ సాఁ మార్తాఁ ఎక్కుడు మీద, టీమ్ స్కై సైక్లిస్టు క్రిస్ ఫ్రూమ్ తోటివాళ్లందరినీ వదిలేసి ముందుకు వెళ్లిపోయాడు. ఆ వేగం చూసి డోపింగ్ గుసగుసలు మొదలయ్యాయి. ఫ్రెంచ్ టీవీలో ఒక కార్యక్రమం అతని బలాన్ని ఒంటి బరువులో కిలోకి 7.04 వాట్లుగా లెక్కగట్టి, ఇది మనిషి చేసే పనేనా అన్నట్టు చూపించింది. విశ్రాంతి రోజున టీమ్ స్కై కోచ్ టిమ్ కెరిసన్ విలేకరుల ముందుకొచ్చి తమ అంకెలు బయటపెట్టాడు. 41 నిమిషాల పైచిలుకు సేపు సగటున 414 వాట్లు. ఫ్రూమ్ వాడే చైన్‌రింగు, అంటే గొలుసును తిప్పే పళ్లచక్రం, గుండ్రంగా ఉండదు కాబట్టి వాట్లు కొలిచే మీటరు ఓ 6 శాతం ఎక్కువ చూపిస్తుంది, అది తీసేస్తే కిలోకి 5.78.

ఆ 414 ఎక్కణ్నుంచి వచ్చింది? ఎడమ పెడలును మోసే క్రాంకు లోపలివైపు అంటించిన, 20 గ్రాముల బరువున్న ఒక ప్లాస్టిక్ డబ్బీ నుంచి. దాన్ని చేసింది అమెరికాలో కొలరాడో రాష్ట్రం బౌల్డర్‌కు చెందిన స్టేజెస్ కంపెనీ. అది కొలిచేది ఎడమ కాలినే. వచ్చిన దాన్ని రెండింతలు చేసి చూపిస్తుంది. ఫ్రూమ్ కుడికాలు ఎంత తొక్కిందన్నది ఆ రోజు ఎవరూ కొలవలేదు. అయినా ఒక మనిషి పరువు ఆ డబ్బీ మీద నిలబడింది. స్టేజెస్ చూసిన శిఖరం అదే అనుకుంటాను.

అంతకుముందు వాట్లు కొలవడం దొరల వ్యవహారం. జర్మనీలో యూలిష్ అనే ఊళ్లో ఉల్రిష్ షోబెరర్ అనే ఇంజనీరు 1986లో ఎస్సారెమ్ కంపెనీ పెట్టాడు. చైన్‌రింగులను మోసే నడిమి లోహపు భాగంలో స్ట్రెయిన్ గేజ్‌లు అమర్చాడు. తొక్కినప్పుడు లోహం కంటికి కనిపించనంతగా వంగుతుంది, గేజ్‌లోని సన్నటి రేకు సాగుతుంది, దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పు నుంచి బలం, బలానికి తిరిగే వేగం కలిపితే వాట్లు. గ్రెగ్ లెమాండ్ లాంటి విజేతలు తొలినాళ్లలోనే దాన్ని పట్టుకున్నారు. ధర మాత్రం వేల డాలర్లు. తర్వాత వెనక చక్రం హబ్బులో కొలిచే పవర్‌టాప్ కొంత చవగ్గా వచ్చింది గానీ, చక్రం మారిస్తే మీటరూ ఇంట్లోనే ఉండిపోయేది.

2012లో స్టేజెస్ వచ్చి 699 డాలర్ల నుంచి ధర చెప్పింది. ఉపాయం ఎంత తేలికంటే, క్రాంకు కూడా తాము చేయరు. షిమానో లాంటి కంపెనీల ఎడమ క్రాంకు తెచ్చి, దానికి గేజ్‌లు అంటించి, చల్లదనానికీ వేడికీ లోహం మారే తీరు లెక్కగట్టి, ఒక బిళ్ల బ్యాటరీ వేసి అమ్మడం. సగం బస్తా తూచి రెండింతలు రాసుకునే కాటా వ్యాపారి పద్ధతి ఇది. నిపుణులు నవ్వారు. రెండు కాళ్లూ సమానంగా తొక్కే మనిషెవరు అని అడిగారు. ప్రశ్న సరైనదే. కానీ రోజూ అదే తప్పు అదే వైపు వస్తుంటే, నిన్నటికంటే ఈ రోజు మెరుగా కాదా తెలుసుకోవడానికి చాలావరకు సరిపోతుంది. ఆదివారం సైకిలిస్టుకు కావలసింది అంతే. 2014లో టీమ్ స్కై కూడా ఆ డబ్బీనే తగిలించుకోవడంతో నవ్వినవాళ్లు సర్దుకున్నారు.

పతనం కూడా అక్కడే మొదలైందని నాకనిపిస్తుంది. పవర్ మీటరు ధర దిగగలదని లోకానికి చూపించింది స్టేజెస్సే. అయితే దిగడం మొదలుపెట్టిన ధర ఎవరో ఒకరికి లాభం మిగిలే చోట ఆగాలని ఎక్కడుంది? కెనడాకు చెందిన ఫోర్‌ఐ 399 డాలర్లకే ఎడమ క్రాంకు మీటరు ఇస్తానంది. ఇటలీ నుంచి ఫావెరో పెడల్లోనే మీటరు పెట్టి, రెండు కాళ్లనూ విడివిడిగా కొలిచి చూపించింది. క్రాంకులమ్మే షిమానో తన సొంత మీటరును 2016లో ప్రకటించింది. అంటే సరుకిచ్చే చెయ్యే పోటీకి దిగింది. తర్వాత మజీన్ లాంటి చైనా కంపెనీలు వచ్చాక, 699 కూడా దొరల ధరలా వినిపించడం మొదలైంది.

దారిలో ఇంకొందరూ రాలిపోయారు. డబ్లిన్‌లో బ్రిమ్ బ్రదర్స్ బూటు కింది క్లీట్‌లోనే కొలిచే మీటరు కోసం ఏళ్ల తరబడి కష్టపడి, జనం దగ్గర ముందస్తు సొమ్ము కూడా తీసుకుని, 2016లో తలుపులు మూసేసింది. పవర్‌టాప్ 2019లో సైకిల్ భాగాలు చేసే స్రామ్ చేతికి పోయింది. మరుసటేడు మీటర్లు చేసే పయొనీర్ సైక్లింగ్ విభాగం షిమానో చేతికి.

స్టేజెస్ ఊరికే కూర్చోలేదు. రెండు వైపులా కొలిచే క్రాంకులు చేసింది, హ్యాండిల్ మీద పెట్టుకునే కంప్యూటర్లు చేసింది, జిమ్ములకూ ఇళ్లకూ కదలని సైకిళ్లు అమ్మింది. కరోనా రోజుల్లో జిమ్ములు మూతపడితే ఇళ్లలో గిరాకీ ఎగిసింది, జనం మళ్లీ రోడ్డెక్కగానే అదీ చప్పబడింది. తైవాన్ సైకిల్ దిగ్గజం జెయింట్ వాటా కొంటానని ముందుకొచ్చి, 2024 ఆరంభంలో వెనక్కి తగ్గింది. ఆ వసంతంలో దాదాపు ఉద్యోగులందరినీ ఇంటికి పంపేశారు.

తర్వాత ఆ పేరూ ఆస్తులూ అదే జెయింట్ నీడలోని సంస్థకు చేరాయి. వాటాదారుగా రానన్నది యజమానిగా వచ్చింది. స్టేజెస్ పేరుతో సరుకు ఇప్పుడూ అమ్ముడవుతోంది. ఎవరి ధరలను కూలుస్తానని బయలుదేరిందో ఆ ఎస్సారెమ్ మాత్రం ఖరీదైన మీటర్లే చేస్తూ, చౌక బేరానికి దిగకుండా, తన పేరుతో తానే నడుస్తోంది.