నిప్పు కేంద్రానిది, పొగ రాష్ట్రాలది

బాణసంచాపై రాష్ట్రాలు సొంతంగా చట్టం ఎందుకు చేయవన్న ప్రశ్న దీపావళి ముందు ఏటా తలెత్తుతుంది. సమాధానం 1884లో ఉంది. లార్డ్ రిప్పన్ వైస్రాయిగా ఉండగా వచ్చిన పేలుడు పదార్థాల చట్టం డైనమైటునూ టపాకాయనూ ఒకే గాటన కట్టింది. వలస పాలకులకు కావలసింది భద్రత. పొగ, చప్పుడు వారి లెక్కలోనివి కావు. స్వతంత్ర భారతమూ ఆ దారినే నడిచింది. రాజ్యాంగం 7వ షెడ్యూలులో పేలుడు పదార్థాలు కేంద్ర జాబితా 5వ అంశమయ్యాయి. ప్రజారోగ్యం, శాంతిభద్రతలు మాత్రం రాష్ట్రాలకు మిగిలాయి. నిప్పు ఒకరి చేతిలో, పొగ ఇంకొకరి నెత్తిన!

ఈ ఇరుకులోనే పశ్చిమ బెంగాల్ ఒక దారి వెతుక్కుంది. టపాకాయల శబ్దానికి జాతీయ పరిమితి 125 డెసిబెళ్లు కాగా, అక్కడి కాలుష్య నియంత్రణ మండలి ఏళ్ల తరబడి 90 దగ్గరే పట్టుబట్టింది. తయారీదారులు న్యాయపోరాటాలు చేశారు. చివరకు 2023లో మండలే 125కు దిగివచ్చింది. శాసనసభ చేసిన చట్టమైతే దాని సవరణకు కనీసం చర్చ జరిగేది. ఉత్తర్వుతో వచ్చినది ఉత్తర్వుతోనే పోయింది.

శాసనకర్తలు వదిలిన ఖాళీని న్యాయస్థానాలు నింపాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పేలుళ్లను సుప్రీంకోర్టు 2005లో నిషేధించింది. 2015లో ముగ్గురు పసిబిడ్డల పేరిట దాఖలైన పిటిషనుపై 2018లో హరిత బాణసంచా తీర్పు వెలువడింది. కానీ తీర్పులు పండుగ క్యాలెండరును చూడవు. తెలంగాణలో నిషేధం విధించాలని హైకోర్టు 2020 నవంబరు 12న ఆదేశించింది, దీపావళి 14న. సరుకు అప్పటికే దుకాణాల్లో ఉంది. వ్యాపారుల అర్జీపై మర్నాడే సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని సడలించింది. పెట్టుబడి పెట్టిన చిరువ్యాపారి ఆ ఒక్కరోజు పడిన ఆందోళనకు బాధ్యులెవరూ లేరు.

ఢిల్లీ ప్రభుత్వం 2024 డిసెంబరులో ఏడాది పొడవునా నిషేధం ప్రకటించింది. అది సైతం 1986 నాటి కేంద్ర పర్యావరణ పరిరక్షణ చట్టం ఇచ్చిన అధికారంతో వెలువడిన ఉత్తర్వే. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు పండుగ రోజులకు హరిత బాణసంచాను అనుమతించింది. ఢిల్లీ బిడ్డల ఊపిరినీ శివకాశి కార్మికుల కూలినీ తూచే పని ఈసారీ ధర్మాసనానిదే అయింది.