చలికాలం, చంటిపిల్లలు, నాంపల్లి నుమాయిష్



'నుమాయిష్' పారశీకపు మాట. కనబరచుట, చూపుట అని అర్థం. దీనికి తెలుగు చేయమంటే పండితుడు 'ప్రదర్శనము' అని వ్రాసి ఊరుకుంటాడు. హైదరాబాదు ఇళ్ళలో మాత్రం ఆ మాట ఎవరూ అనగా నేను వినలేదు. పాత నగరవాసులు నుమాయిష్ అంటారు. నాబోటి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు ఎగ్జిబిషన్ అంటారు. రెండేళ్ళ పసివాళ్ళు 'ఎబిసను' అంటారు. ఈ మూడవ రూపం ఏ నిఘంటువుకూ ఎక్కలేదు కానీ, జనవరి మాసంలో నాంపల్లి, అబిడ్స్ ప్రాంతాలలో ఎక్కువగా వినబడేది ఇదేనని నా అనుభవం. ఈ టపా ఆ మూడవ రూపం పలికేవారిని గురించి.

నుమాయిష్ చరిత్ర వ్రాసినవాళ్ళు ప్రారంభోత్సవాలను గురించి వ్రాశారు. ఎవరు రిబ్బను కత్తిరించారో, ఏ యేట ఎన్ని దుకాణాలు వెలిశాయో లెక్క ఉంది. చంకలో బిడ్డతో ఆ దుమ్ములో నడిచిన తల్లుల లెక్క ఎక్కడా లేదు. ముందు ఉన్న చరిత్రను చెప్పి, ఆ పిమ్మట లేని చరిత్రకు వస్తాను.

1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు పట్టభద్రులు కొందరు సంస్థానపు ఆర్థిక పరిస్థితిని సర్వే చేయాలనుకున్నారు. దానికి డబ్బు కావాలి. సంస్థానంలో తయారయ్యే వస్తువులను ఒకచోట చేర్చి ప్రజలకు చూపిస్తే నాలుగు రాళ్ళు వస్తాయని తలచారు. పబ్లిక్ గార్డెన్స్‌లో, అప్పటి మాటలో బాగె ఆమ్‌లో, తొలి ప్రదర్శన జరిగింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించారు. మొదటి పెట్టుబడి రెండున్నర రూపాయలని ఎగ్జిబిషన్ వర్గాలవారు నేటికీ గర్వంగా చెప్పుకుంటారు. దాని పూర్తి పేరు 'నుమాయిష్ మస్నూఆతె ముల్కీ'. మస్నూఆత్ అంటే తయారైన సరుకులు. ముల్కీ అంటే ఈ ముల్కుకు, అనగా ఈ దేశానికి చెందినవి. ఈ ముల్కీ అనే మాట తరువాతి కాలంలో ఉద్యోగాలకూ ఉద్యమాలకూ అంటుకుని ఎంత బరువెక్కిందో మీకు తెలుసు. ఇక్కడ అది కేవలం గుడ్డకూ, బొమ్మకూ విశేషణం. వరంగల్లులో ఆజంజాహీ మిల్లు 1934లో మొదలైంది. మన సరుకు మనం చూసుకోవాలన్న ఉత్సాహం ఆ దశాబ్దపు గాలిలోనే ఉంది.

సర్ మీర్జా ఇస్మాయిల్ ప్రధానిగా వచ్చిన 1946లో ప్రదర్శన నాంపల్లిలోని ఇప్పటి విశాలమైన మైదానానికి మారింది. అదే యేడు జనవరి 8న నగరంలో 6.1 డిగ్రీల చలి నమోదైంది. హైదరాబాదు చలి చరిత్రలో అది పెద్ద గుర్తు. 1947, 48 సంవత్సరాలలో నుమాయిష్ జరుగలేదు. ఆ రెండేళ్ళలో దేశమూ, సంస్థానమూ ఏ స్థితిలో ఉన్నాయో వేరే చెప్పనక్కరలేదు. 1949లో తిరిగి తెరిచినప్పుడు గవర్నర్ జనరల్ రాజాజీ వచ్చారు. ముల్కీ అనే మాట పోయి 'అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన' అనే పేరు వచ్చింది. పేరులో సంస్థానం తొలగి దేశం చేరింది. కాశ్మీరు శాలువలూ, లక్నో చికన్ పనీ, ఖుర్జా పింగాణీ జాడీలూ నాంపల్లికి దిగాయి.

ప్రతి యేడూ జనవరి ఒకటిన మొదలై ఫిబ్రవరి పదిహేనుతో ముగియడం రివాజు. 2025లో మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్ మరణానంతర సంతాపదినాల వల్ల జనవరి 3న మొదలైంది. మన పంచాంగంతో చూస్తే ఇది హేమంతంలో పుట్టి శిశిరంలోకి జారే పండుగ. ధనుర్మాసపు ముగ్గులు ఉండగా తెరుచుకుంటుంది, మాఘస్నానాల నాటికి మూతపడుతుంది. నడుమ భోగి వస్తుంది. చంటిపిల్లలున్న ఇంటికి ఇంతకంటె ముఖ్యమైన నెలన్నర లేదు.

తెలుగువారు బిడ్డ ఎదుగుదలను పిండివంటలతో కొలుస్తారు. నవ్వితే నువ్వుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు, పలుకులకు చిలకలు. ఇందులో అరిసె చలికాలపు వంటకం. కొత్తబియ్యం, కొత్తబెల్లం ఇంటికి వచ్చే రోజులవి. పిల్లవాడు ఏ నెలలో నడక నేర్చినా, సంక్రాంతికి అరిసెల మీద మరొకసారి నడిపించని అమ్మమ్మ ఉండదు. భోగినాటి సాయంత్రం రేగుపళ్ళు, పూలరెక్కలు, చిల్లర నాణేలు కలిపి నెత్తిన పోస్తారు. నల్లగొండ జిల్లాలోని మా ఇంట్లో ఈ ఆచారం లేదు. మా ఆవిడ కృష్ణాజిల్లా ఆడపడుచు కనుక ఆమెతోపాటు మా ఇంటికి వచ్చింది. మొజంజాహీ మార్కెట్టులో రేగుపళ్ళు కొని నాంపల్లిలో భోగిపళ్ళు పోసే కుటుంబం మాది. రెండు ప్రాంతాల ఆచారాలు ఒక పసివాడి నెత్తిన కలిశాయి.

అబిడ్స్ అనే పేరులోనూ ఒక బట్టల కథ ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఆయన దుస్తుల వ్యవహారం చూసిన ఆల్బర్ట్ ఆబిద్ ఆ కూడలిలో దుకాణం పెట్టాడు. దుకాణం పోయింది, పేరు నిలిచింది. మేము కాపురమున్న రోజులలో నవంబరు దాటగానే ఆ వీథుల అరుగుల మీద ఉన్ని టోపీలూ, మంకీ క్యాపులూ, పసిపిల్లల మేజోళ్ళూ గుట్టలుగా పోసి అమ్మేవారు. రాజుగారి బట్టలు చూసినవాడి పేరున్నచోట రెండేళ్ళ వాడికి స్వెట్టరు బేరమాడడం నాకు సరదాగా తోచేది.

మొజంజాహీ మార్కెట్టు 1935 నాటిది. నిజాం రెండవ కుమారుడు మొజ్జంజా పేరు దానికి పెట్టారు. ఆయన భార్య నీలోఫర్ తుర్కీ సుల్తానుల వంశపు ఆడపడుచు. 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో వారి వివాహం జరిగింది. ఆమెకు సంతానం కలుగలేదు. 1949లో ఆమె పరిచారిక ప్రసవంలో కన్నుమూసింది. ఇక మీద ఏ తల్లీ ఇలా పోకూడదని ఆమె పట్టుబట్టింది. దాని ఫలితమే నాంపల్లికి కూతవేటు దూరంలో, ఎర్రగుట్టల దగ్గర, 1953లో తెరుచుకున్న నీలోఫర్ ఆసుపత్రి. బిడ్డలు లేని తల్లి పేరు మీద లక్షలాది బిడ్డలు మందు త్రాగారు. భర్త పేరున్న మార్కెట్టులో ఐస్‌క్రీము ప్రసిద్ధం, భార్య పేరున్న ఆసుపత్రిలో జలుబూ ఆయాసమూ ప్రసిద్ధం. చలికాలంలో మొదటిచోటికి పోనిస్తే రెండవచోటికి పోవలసి వస్తుందని తల్లులు పిల్లలను బెదిరించేవారు. రాత్రివేళ బిడ్డకు ఊపిరి ఎగపోస్తుంటే రిక్షాలో దుప్పటి కప్పుకొని ఆ దారిని వెళ్ళని కుటుంబం మా వాడలో ఒక్కటీ లేదు.

1990 డిసెంబరు నాటికి మావాడికి ఏడాదిన్నర. ఆ యేడు చివరి నెలలలో నగరంలో మతకల్లోలాలు చెలరేగి వందలాది ప్రాణాలు పోయాయి. ముఖ్యమంత్రి చెన్నారెడ్డి ఆ డిసెంబరులోనే రాజీనామా చేశారు. పత్రికలలో ఇదంతా ఉంది. లేనిది పాల సంగతి. కల్లోలమైన రోజులలో మా వీథిలో పాలబూతు తెరుచుకునేది కాదు. పెద్దవాళ్ళం చాయ మానుకున్నాం. ఏడాదిన్నర వాడికి మానుకొమ్మని చెప్పే భాష మా దగ్గర లేదు. రెండవ రాత్రి వాడు ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. మా ఇంటి యజమానురాలు ముసలావిడ, మా ఆవిడ ఆమెను 'ఆపా' అని పిలిచేది. ఆమె గిన్నెడు మేకపాలు కాచి, పైన పళ్ళెం మూసి, మెట్లెక్కి వచ్చింది. వాకిట్లోనే నిలబడి, "ఛోటే పంతులు పస్తు పడుకోరాదమ్మా" అని గిన్నె చేతికిచ్చి దిగిపోయింది. తరువాత నాలుగు రోజులూ ఆ గిన్నె అలాగే వచ్చింది. వాళ్ళ మనుమరాలి వాటా తగ్గించి తెచ్చేదని మాకు తరువాత తెలిసింది.

ఆమె ఇంట్లో సాయంత్రం లోబాన్ పొగ వేసేది. మా ఇంట్లో పిల్లవాడికి తలంటి సాంబ్రాణి పొగ వేసేవాళ్ళం. నాకు రెండూ వేరువేరని చాలాకాలం భ్రమ ఉండేది కాదు కానీ, భాషాశాస్త్రం చదివినవాడిగా చెబుతున్నాను, అవి ఒకే చెట్టు జిగురుకు రెండు పేర్లు. ఆ డిసెంబరులో మెట్ల దగ్గర ఆ రెండు పొగలూ కలిసేవి. బజారులో మనుషులు ఒకరి ముఖం ఒకరు చూడటానికి జంకుతున్న రోజులవి.

మరుసటి చలికాలానికి వాడు నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు. వస పోసినవాడిలా నోరు మూతపడేది కాదు. అప్పుడు తీసుకువెళ్ళాం 'ఎబిసను'కు. పసివాడితో నుమాయిష్ అంటే ఒక దండయాత్ర. వేడినీళ్ళ సీసా, మారు చొక్కా, పాత గుడ్డలు, మంకీ క్యాపు, దిష్టిచుక్క. ఐదేళ్ళలోపు వారికి టికెట్టు లేదు, బరువు మాత్రం ఉంది. వాడు ద్వారం దాకా నడుస్తాడు, లోపల పది అడుగులు పరుగెడతాడు, ఆపైన తండ్రి భుజమే వాడి రథం. ఆ ఎత్తు నుంచి జెయింట్ వీలు, మోటారుసైకిలు తిరిగే మృత్యుకూపం, మైదానం చుట్టూ తిరిగే పిల్లల రైలు చూస్తాడు. వాడి ముఖమంత అప్పడం చేతిలో ఉంటుంది. సగం వాడు తింటాడు, సగం నా నెత్తిన పడుతుంది. మా ఆవిడ జాడీల దుకాణం దగ్గర ఆవకాయకు సరిపడే జాడీ వెదుకుతుంది. జైళ్ళశాఖ దుకాణంలో ఖైదీలు చేసిన వస్తువులు ముట్టుకుని చూస్తుంది. స్త్రీలకే ప్రత్యేకించిన రోజున వెళ్ళమంటే, "జాడీ ఎవరు మోస్తారు, వీణ్ణి ఎవరు మోస్తారు?" అని ఆమె ప్రశ్న.

ఈ సందడికంతకూ వెనుక ఒక భయం ఉంటుంది. మైకులో నిమిష నిమిషానికీ వినబడేది అదే. ఎర్ర స్వెట్టరు, నీలం టోపీ, మూడేళ్ళ బాబు, పేరు చెప్పలేకపోతున్నాడు, తల్లిదండ్రులు కార్యాలయానికి రావలెను. తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి. ఆ ప్రకటన వినగానే మైదానంలో ప్రతి తల్లి చెయ్యీ అప్రయత్నంగా తన బిడ్డను తడుముతుంది. 'నీ పేరేమిటి?' అంటే 'చిన్నా' అంటాడు. 'మీ నాన్న పేరు?' అంటే 'నాన్న' అంటాడు. అంతకంటె సత్యమైన జవాబు లేదు, అంతకంటె పనికిరాని జవాబూ లేదు. ముప్ఫై యేళ్ళు ఓనమాలు చెప్పినవాణ్ణి. మావాడికి మాత్రం ఓనమాల కంటె ముందు ఇంటి నంబరూ, వీథి పేరూ, నా పేరూ పాటలా లయకట్టి నేర్పాను. మా వాడలో తల్లులందరూ చలికాలం రాగానే అదే పని చేసేవారు. నగరపు బిడ్డకు అక్షరాభ్యాసం నుమాయిష్ భయంతో మొదలయ్యేదంటే అతిశయోక్తి కాదు. స్వెట్టర్లు అంత ముదురు రంగులలో ఎందుకు అల్లేవారో కూడా నాకు అప్పుడే బోధపడింది.

ఆ మైదానానికి కూడా కష్టాలు వచ్చాయి. 2019 జనవరి 30 రాత్రి మంటలు లేచి వందలాది దుకాణాలు బూడిదయ్యాయి. ప్రాణనష్టం జరుగలేదు. జరుగకపోవడానికి కారణం, జనం సరుకు వదలి పిల్లలను ఎత్తుకుని పరుగెత్తడమే అని నేననుకుంటాను. అగ్నిమాపక ఏర్పాట్లపై హైకోర్టులో విచారణ నడిచింది. 2021లో కొవిడ్ వల్ల నుమాయిష్ లేదు. 2022లో జనవరి ఒకటిన తెరిచి వెంటనే మూసి, మళ్ళీ ఫిబ్రవరి 25న తెరిచారు. చలి పోయాక వచ్చిన నుమాయిష్ అది. స్వెట్టరు లేకుండా పిల్లలు తిరుగుతుంటే ఏదో పెళ్ళికి తాంబూలం మరచినట్టు తోచింది.

1938లో ఆ పట్టభద్రులు కోరింది ఆర్థిక సర్వే. ఆదాయం చదువులకు మళ్ళింది. ఎగ్జిబిషన్ సొసైటీ నడిపే సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ ఆ మైదానం ఆవరణలోనే ఉన్నాయి. అంటే ఒకనాడు తల్లి చంకనెక్కి ఆ ద్వారంలోంచి ఉచితంగా వెళ్ళిన ఆడపిల్ల, పదిహేనేళ్ళ తరువాత అదే ద్వారంలోంచి పుస్తకాలతో వెళ్ళింది. మధ్యలో వాళ్ళ అమ్మానాన్నలు కొన్న టికెట్లలో ఆ చదువు ఖర్చు కొంత ఉంది. ఆర్థిక సర్వేలో ఈ లెక్క ఏ పట్టికలో వేస్తారో నాకు తెలియదు కానీ, వేయదగిన లెక్కే.

ఇప్పుడు గాంధీభవన్ మెట్రో స్టేషనులో దిగితే మైదానం ఎదుటనే. తండ్రుల భుజాలు మారాయి, పిల్లల ఎత్తు మారలేదు. ఈ చరిత్రకు ఆధారాలు ప్రభుత్వ భాండాగారాలలో దొరకవు. మీ ఇళ్ళలో, పాత ఆల్బములలో, మంకీ క్యాపుతో కళ్ళు మాత్రమే కనబడే ఫోటోలలో ఉన్నాయి. వాటి వెనుక సంవత్సరమూ, ఎత్తుకున్నవారి పేరూ వ్రాసి పెట్టండి. పక్కింటివాళ్ళు ఎవరైనా పాలగిన్నె తెచ్చి ఉంటే, ఆ పేరు కూడా.