చేతిపని చికిత్స అయిన కథ

ఇంగ్లండులోని యార్కు పట్టణపు పిచ్చాసుపత్రిలో 1790లో హానా మిల్స్ అనే స్త్రీ చేరిన కొద్ది వారాలకే మరణించినది. ఆమెను చూడవచ్చిన క్వేకరు సమాజంవారిని లోనికి రానీయలేదు. దీనికి కలత చెందిన విలియం ట్యూక్ అనే తేయాకు వర్తకుడు, తాను వైద్యుడు కాకపోయినా, 1796లో అదే పట్టణంలో ‘రిట్రీట్’ అనే ఆశ్రమాన్ని తెరిపించినాడు. అక్కడ గొలుసులు లేవు. రోగులు చేతనైనంతవరకు తోటపని చేసేవారు, బట్టలు కుట్టేవారు. మనస్సును కుదుటపరచడంలో క్రమమైన పనిని మించిన సాధనం అరుదని ట్యూక్ మనుమడు సామ్యూల్ 1813లో ప్రకటించిన గ్రంథంలో అభిప్రాయపడినాడు.

మంచి మాటే. కాని తరువాత కట్టిన పెద్ద ఆసుపత్రులు అనేకం దీనిని తమకు అనుకూలంగా మలచుకొన్నవి. రోగులే పొలం దున్నినారు, రోగులే బట్టలు ఉతికినారు. ఆసుపత్రి ఖర్చు తగ్గినది. అది చికిత్సయో వెట్టిచాకిరియో చెప్పడం కష్టమయినది.

అమెరికాలో మరొక పద్ధతి బయలుదేరినది. ఫిలడెల్ఫియా వైద్యుడు వీర్ మిచెల్ నరాల నిస్సత్తువకు పూర్తి విశ్రాంతి విధించేవాడు: వారాల తరబడి పడక; చదువు లేదు, వ్రాత లేదు, సూది కూడా పట్టరాదు. 1887లో ఈ చికిత్స పొందిన రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ మతి తప్పే స్థితికి వచ్చి, తిరిగి పనిలో పడిన తరువాతనే తేరుకొన్నది.

మసాచుసెట్సులోని మార్బుల్‌హెడ్‌లో హెర్బర్ట్ హాల్ అనే వైద్యుడు 1904 ప్రాంతంలో ఇటువంటి రోగుల చేతికి మట్టిని, మగ్గాన్ని ఇచ్చినాడు. మొదట కొద్దిసేపు, తరువాత కొంచెం కొంచెంగా ఎక్కువ. దిగులుపడిన మనస్సు గానుగెద్దువలె ఒకేచోట తిరుగుతుంది. సారెమీద చేయి తప్పితే కుండ వంకరపోతుంది. కనుక దృష్టి అక్కడ నిలపక తప్పదు. చేసినదాని ఫలితమూ వెంటనే కంటికి కనిపిస్తుంది. 1906లో హార్వర్డు విశ్వవిద్యాలయం ఈ ప్రయత్నానికి 1,000 డాలర్లు ఇచ్చినది. (అక్కడి కుండలు మరీ బాగుండి, కొద్ది ఏండ్లలోనే ఆ కుమ్మరిశాల వైద్యశాలనుండి విడిపోయి వ్యాపారమయినది! మన బడులలో చేతిపనుల పీరియడును లెక్కల మాస్టారు తీసుకొన్నట్లే, రోగుల చక్రాన్ని నిపుణులు తీసుకొన్నారు.)

1917 మార్చిలో న్యూయార్కు రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్సులో ఈ చికిత్సకొక సంఘం ఏర్పడినది. యుద్ధంలో గాయపడిన సైనికులు దాని మొదటి పెద్ద పరీక్ష. 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్కర్ దీనికి పాఠశాల నెలకొల్పినది. అక్కడ నేర్చినవారు రోగిని అడగవలసిన తొలి ప్రశ్నలలో ఒకటి: ఇంటివద్ద నీవు ఏ పని చేసేవాడివి?