శనగ నూర్పిడిలో రోటరు సర్దుబాటు

రోటరు సర్దుబాటు అనగా కంబైన్ హార్వెస్టరులో పంటను నూర్చే రోటరు వేగాన్నీ, దానికీ కింది కాంకేవ్ జల్లెడకూ మధ్య గల ఎడాన్నీ పంటకు తగినట్లు అమర్చుకోవడం. ప్రకాశం, గుంటూరు, బాపట్ల జిల్లాల నల్లరేగడి భూములలో పత్తి, మిరపలతో పాటు రబీలో శనగ కూడా పండుతుంది. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం రూపొందించిన ఎన్.బి.ఇ.జి. 47 (ధీర) రకం నిటారుగా ఎదుగుతుంది. కాయలు నేలకు ఎత్తుగా ఉండటం వలన ఇది యంత్రపు కోతకు అనువైనది.

పనిచేసే విధానం

పంట రోటరు చుట్టూ తిరుగుతూ వెనుకకు సాగుతుంది. ముందు భాగంలో కాయలు పగిలి గింజ రాలుతుంది. వెనుక భాగంలో పొట్టులోనూ, కాడలలోనూ చిక్కిన గింజ జల్లెడ గుండా వేరుపడుతుంది.

వేగం

గింజకు తగిలే దెబ్బ రోటరు అంచు వేగాన్ని బట్టి ఉంటుంది. 60 సెం.మీ. వ్యాసం గల రోటరు నిమిషానికి 500 చుట్లు తిరిగితే అంచు వేగం సెకనుకు సుమారు 15.7 మీటర్లు, 800 చుట్లకు అది 25 మీటర్లు దాటుతుంది. శనగ గింజ సులువుగా బద్దలవుతుంది కనుక వరి కంటె తక్కువ వేగం, ఎక్కువ ఎడం అవసరం.

సర్దుబాటు క్రమం

తయారీదారు పుస్తకంలోని విలువలతో మొదలుపెట్టి, కొద్ది దూరం కోసిన తరువాత ఇంజను ఆపి గింజనూ, పొట్టునూ పరీక్షించాలి.

* ట్యాంకులో బద్దలు ఎక్కువైతే వేగం తగ్గించాలి.
* నూరని కాయలు మిగిలితే మొదట ఎడం తగ్గించాలి. చాలకపోతేనే వేగం కొద్దిగా పెంచాలి.
* పొట్టుతో విడి గింజ పోతుంటే గాలినీ, జల్లెడలనూ కూడా చూడాలి.

ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. ఉదయపు మంచుకు మెత్తబడిన కాయ మధ్యాహ్నపు ఎండకు పెళుసవుతుంది. అందువలన ఉదయం సరిపోయిన వేగం మధ్యాహ్నం ఎక్కువ కావచ్చు. పైకి కనబడని పగులు ఉన్న గింజ కూడా మొలకెత్తకపోవచ్చు కనుక, విత్తనానికి ఉంచే పంటలో ఈ జాగ్రత్త మరింత ముఖ్యం.