కాలువ కోసం పుట్టిన కాలేజీ

స్కిల్ డెవలప్‌మెంట్ అనే మాట ఈమధ్య తెగ వినిపిస్తోంది. నీటి శాఖ ఒక యూనివర్సిటీతోనో, సోలార్ కంపెనీ ఒక ఐటీఐతోనో ఒప్పందం చేసుకుంటుంది. పెద్దమనుషులు ఫైళ్ళు మార్చుకుని ఫోటో దిగుతారు. ఆ కుర్రాళ్ళకి తర్వాత పని దొరికిందా అంటే... ఏమో, పేపర్లో అది రాయరు. ఇదేదో కొత్త ఐడియా అనుకునేవాళ్ళకి రూర్కీ కథ చెప్పాలనిపించింది. అక్కడ ముందు పని వచ్చింది, ఆ తర్వాతే కాలేజీ వచ్చింది.

1837-38లో గంగా యమునల మధ్య ఘోరమైన కరువు. సుమారు 8 లక్షల మంది పోయారని అంచనా. ఈస్టిండియా కంపెనీకి జాలి కంటే శిస్తు పోయిందన్న బాధే ఎక్కువని నా అనుమానం. ఏదైతేనేం, హరిద్వార్ దగ్గర గంగ నీళ్ళు మళ్ళించి కాలువ తవ్వుదామన్న ప్రోబీ కాట్లీ మాట నెగ్గింది. 1842లో పని మొదలైంది. ఈ కాట్లీ ఇంజనీరింగ్ చదివినవాడు కాదండోయ్, ఫిరంగి దళం ఆఫీసరు! పాత దోఆబ్ కాలువ పనుల్లో చేరి, చేస్తూ నేర్చుకున్నాడు. (మెకానికల్ చదివి జావా రాస్తున్నవాళ్ళు సంతోషించొచ్చు.)

కానీ 560 కిలోమీటర్ల కాలువ ఒక్కడి వల్ల అవుతుందా? రూర్కీ దగ్గర సోలానీ నది అడ్డం. కాలువని దాని మీదుగా, 50 అడుగుల కమానులు 15 కట్టి దాటించాలి. లెవెల్ చూసేవాడు, ప్లాను గీసేవాడు, ఎస్టిమేటు వేసేవాడు, అందరూ కావాలి. ఇంగ్లండు నుంచి తెప్పిస్తే తడిసి మోపెడవుతుంది. అందుకని లెఫ్టినెంట్ గవర్నర్ జేమ్స్ థామసన్ 1847లో రూర్కీలోనే కాలేజీ పెట్టించాడు. వర్క్‌షాపులు, కమానులు అక్కడే ఉన్నాయి కాబట్టి పాఠం చెప్పేచోటికి సైటు కూతవేటు దూరం. చదువు పూర్తి చేసినవాడికి పని ఎదురుగానే ఉంది. నేర్పేదీ, పనిచ్చేదీ ఒకే సర్కారు కాబట్టి ఫోటోల గొడవ లేదు. అన్నట్టు, 1851లోనే ఇక్కడ మట్టి మొయ్యడానికి ఆవిరి ఇంజను నడిపారు, బొంబాయి-ఠాణా రైలుకి రెండేళ్ళ ముందు!

1854 ఏప్రిల్ 8న కాలువలోకి నీళ్ళు వదిలారు. అంతకు ముందు ఏడాదే పోయిన థామసన్ పేరు కాలేజీకి పెట్టారు. ఇప్పటి ఐఐటీ రూర్కీ అదే.

మన కాటన్ దొర కూడా ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టింది 1847లోనే. ఆయన తర్వాత ఈ గంగ కాలువకి వాలు మరీ ఎక్కువైందని, నీళ్ళు అడుగుని కోసేస్తున్నాయని దుమ్మెత్తిపోశాడు. కాట్లీ ఊరుకోలేదు. ఇద్దరూ కరపత్రాలు అచ్చేసి మరీ కొట్టుకున్నారు. వాలు సంగతిలో కాటన్ చెప్పిందే నిజమైంది.

నాకు నచ్చనిది తరగతుల విభజన. మొదటి తరగతి ఇంజనీర్లకి. రెండోది తెల్ల సిపాయిల్ని ఓవర్సీర్లుగా తయారుచెయ్యడానికి. మూడోది మనవాళ్ళకి, సర్వే, లెవెలింగ్, ప్లాన్లు గీయడం. మొదటి తరగతిలోకి మనవాళ్ళు రాకూడదని రూలేం లేదుగానీ, తలుపు ఎంత తెరిచి ఉందో ఊహించుకోండి. అయినా కాలం ఆగదు కదా. ఆ కాలేజీలోనే చదివిన ఎ.ఎన్. ఖోస్లా 1954లో అక్కడికే వైస్ ఛాన్సలర్‌గా వచ్చాడు. 1955లో జలవనరుల శిక్షణ కేంద్రం మొదలైంది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్న ఆసియా, ఆఫ్రికా దేశాల ఇంజనీర్లు నేర్చుకోవడానికి రూర్కీ వచ్చారు.

ఇంతకీ ఆ కాలువని నిజంగా తవ్వినవాళ్ళ మాటేమిటి? ఉత్తరాదిలో మట్టి తవ్వడంలో తరతరాల నేర్పున్నవాళ్ళు ఓడ్‌లు, బేల్‌దార్లు. మనవైపు ఒడ్డెరలు ఉన్నట్టే. మట్టిని చూసి గట్టు నిలుస్తుందో లేదో చెప్పగలిగినవాళ్ళు. వాళ్ళ కోసం రూర్కీలో నాలుగో తరగతి పెట్టాలని ఎవరికీ తోచలేదు.