మధుమేహముగల గర్భిణి కాన్పు: శస్త్రమా, సహజమార్గమా?

మధుమేహమను పేరు మన వైద్యగ్రంథములలో ప్రాచీనమైనదే. మూత్రము తేనెను బోలియుండుటచేత పూర్వులు పెట్టిన పేరది. అయినను ఆ వ్యాధిగల గర్భిణికి ఏ విధముగ కాన్పు చేయవలెనను చర్చకు నూఱేండ్లకు మించిన చరిత్ర లేదు. కారణము విచారకరము. 1921లో టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు మొదలగువారు ఇన్సులినును సాధించుటకు పూర్వము, చిన్న వయస్సుననే తీవ్రముగ ఈ వ్యాధి సోకిన స్త్రీ గర్భము ధరించుటయే అరుదు. ధరించినచో తల్లి దక్కుట కష్టము. బిడ్డ దక్కుట మఱియు కష్టము. ప్రాణమునకే నమ్మకము లేనిచోట మార్గవిచార మెక్కడిది?

ఇన్సులిను వచ్చిన పిమ్మట తల్లులు బ్రదికిరి. బిడ్డలు మాత్రము, నెలలు నిండవచ్చు సమయమున, గర్భమునందే హఠాత్తుగ మరణించుచుండిరి. బాస్టను నగరమున జాస్లిను వైద్యశాలలో 1924లో చేరిన ప్రిసిల్లా వైటు అను వైద్యురాలు తన జీవితమును ఈ తల్లుల సేవకే వినియోగించెను. వ్యాధి యెన్నేండ్లనుండి యున్నది, రక్తనాళము లెంత చెడినవి యను వానినిబట్టి గర్భిణులను తరగతులుగ విభజించి 1949లో ప్రకటించెను. బిడ్డ లోపల మరణింపకమునుపే బయటికి తీయవలెనని యామె మతము. అందుచే నెలలు నిండకమునుపే, తఱచుగ సిజేరియను శస్త్రముచేత, కాన్పు చేయుట ఆచారమయ్యెను. దానిని నేడు నిందించుట సులభము, నేను నిందింపను. నిండు నెలలలో మృతశిశువును కన్న తల్లిని చూచిన వైద్యురాలు మఱేమి చేయగలదు? కాని ముందుగ తీసిన బిడ్డలలో కొందఱు, ఊపిరితిత్తులు పక్వము గాక, శ్వాస యాడక పోయిరి.

చిక్కుముడి కొంత విప్పినవాడు కోపెన్‌హేగెను వైద్యుడు పెడర్సెను. తల్లి రక్తమందలి చక్కెర మావిని దాటి బిడ్డకు చేరును; తల్లి ఇన్సులిను చేరదు. బిడ్డ తన ఇన్సులినునే అధికముగ పుట్టించుకొని క్రొవ్వెక్కును. ఆ క్రొవ్వు భుజములయందును మొండెమునందును పేరుకొనును. కావున సహజమార్గమున శిరస్సు వెలువడియు భుజములు చిక్కుకొనుట కలదు. అప్పుడు మెడనరములు సాగి చేయి చచ్చుపడవచ్చును. చక్కెరను అదుపులో నుంచినచో బిడ్డ యంతగా పెరుగదు. వేచియుండుటకును వీలు కలుగును.

తరువాతి తగవు తూకమును గూర్చినది. అల్ట్రాసౌండుతో కట్టిన బరువు అంచనాయే గాని త్రాసు గాదు. బిడ్డ 4500 గ్రాములుండునని తోచిన మధుమేహ గర్భిణుల కందఱికిని శస్త్రము చేసినచో, శాశ్వతమైన నరముదెబ్బ ఒక్కటి తప్పించుటకు 443 శస్త్రములు కావలసివచ్చునని అమెరికాలో 1996లో లెక్క వేసిరి. నేను బడిపంతులను, లెక్క సరియేనని చెప్పగలను, 443 గొప్పదో ఒకటి గొప్పదో చెప్పజాలను. చేయి పడిపోయిన బిడ్డ తల్లికి ఆ ఒకటియే సర్వము. గర్భాశయముమీది మచ్చవలన తరువాతి కాన్పులో మావి అంటుకొనిపోయి రక్తస్రావమయిన తల్లికి మాత్రము లెక్క వేఱు.

1993లో లాస్ ఏంజెల్సున ఇన్సులిను వాడు 200 మంది గర్భిణులను రెండు జట్లుగ చేసి, ఒక జట్టుకు 38వ వారమున నొప్పులు తెప్పించిరి, రెండవదానికి వేచియుండిరి. శస్త్రముల సంఖ్యలో చెప్పుకోదగిన భేదము రాలేదు. మిక్కిలి పెద్ద బిడ్డలు మాత్రము మొదటి జట్టులో తగ్గిరి. శస్త్రమునకును నిరీక్షణకును నడుమ మూడవ దారి యొకటి కలదని దీనివలన తేలెను.

మధుమేహమున్నది గనుక కోత తప్పదని మన యిండ్లలో పెద్దలు నేటికిని తీర్పు చెప్పుచుందురు. బ్రిటనులో 2015లో వెలువడిన వైద్యనియమములలో అట్లు లేదు. గర్భమునకు ముందునుండియే వ్యాధి కలిగి, ఇతర చిక్కులు లేనివారికి 37 వారములు నిండినది మొదలు 39వ వారము ముగియులోపల నొప్పులు తెప్పించుటగాని, అవసరమైనచో శస్త్రముగాని సూచించిరి. బిడ్డ పెద్దదని అల్ట్రాసౌండులో తోచినచో, రెండు మార్గముల మేలును కీడును ఆ గర్భిణికే విప్పి చెప్పవలెనని కూడ అందు వ్రాసిరి.