జత్రుకాస్థి భంగము – పుత్తూరు కట్టు

చెన్నపట్టణమునందును బెంగుళూరునందును పలు వీధులలో 'పుత్తూరు కట్టు' అని వ్రాసిన పలకలు నేటికిని కానవచ్చుచున్నవి. వానిని చదువువారిలో ననేకులకు పుత్తూరు ఎచ్చట నున్నదో తెలియదు. 'కట్టు' అను మాట మాత్రము తెలుగునకు, తమిళమునకు, కన్నడమునకు సమానమైన దగుటచే నెల్లరును దానిని తమదిగనే తలంతురు. పుత్తూరు తిరుపతికి ఆగ్నేయమున, చెన్నపట్టణమునకు పోవు మార్గమున నున్న తెలుగు ఊరు. తెలుగునేల యంచున పుట్టి ఎల్లలు దాటిన విద్యలలో నీ యెముకల కట్టు ఒకటి. దాని కీర్తిలో నెంతభాగము కట్టునకు చెందునో, ఎంతభాగము ఎముకకే చెందునో విచారించుటకు జత్రుకాస్థి కంటె తగిన యుదాహరణము లేదు.

జత్రుక యనగా రొమ్ముటెముక పైకొన నుండి భుజపు కొనవరకు రెండు వంపులతో అడ్డముగ సాగు సన్నని యెముక. నేటివారు కాలరు ఎముక యందురు. తమిళులు దీనిని 'కారై యెలుంబు' అందురు. కారై మెడ నంటి ధరించు నగ. సంస్కృతమున మాత్రము పేర్ల చిక్కు కలదు. సుశ్రుతుడు ఈ యెముకను అక్షకమనెను. అమరకోశమున జత్రువనగా భుజము యొక్క సంధి. నేటి తెలుగు శాస్త్రగ్రంథములు సంధి పేరును ఎముకకు చేర్చి జత్రుక యనుచున్నవి. కావున నిఘంటువును మాత్రమే నమ్మి ప్రాచీన వైద్యగ్రంథములను చదువువాడు సంధికి చెప్పిన చికిత్సను ఎముకకు చెప్పినదిగా భ్రమపడవచ్చును.

తల్లి గర్భమున మొట్టమొదట గట్టిపడ నారంభించు నెముక యిదియే. దాని లోపలి కొన పూర్తిగ నతుకుకొనుటకు ఇంచుమించు 25 ఏండ్లు పట్టును. చేతిని మొండెముతో కలుపు నెముక యిదొక్కటే యగుటచే భుజముపై పడిన దెబ్బ యంతయు దీనిపైకి వచ్చును. విరుగుటలలో నూటికి 80 వంతులు నడిమి భాగముననే జరుగును. అప్పుడు మెడ ప్రక్కనున్న కండరము లోపలి తునుకను పైకి లాగును. చేతి బరువుచే వెలుపలి తునుక క్రిందికి జారును. గాయపడినవాడు రెండవ చేతితో మోచేతిని పట్టుకొని వైద్యుని కడకు వచ్చుట కిదియే కారణము. ఆ బరువును మోయువారు కావలెనని శరీరమే కోరుచున్నది.

సుశ్రుత సంహిత చికిత్సాస్థానమున మూడవ అధ్యాయము భగ్నచికిత్సకు చెందినది. చంకలో రోకలి నుంచి పైకెత్తి, చోటికి వచ్చిన పిదప స్వస్తిక బంధము వేయవలెనను విధి యచ్చట కలదు. అది తొలగిన భుజసంధికి చెప్పినదే కాని విరిగిన యెముకకు గాదు; పైని చెప్పిన భ్రమ కలుగుట కిది తగిన తావు. అయినను రెండు భుజములను చుట్టి వీపున ఒకదాని నొకటి దాటు నట్టి కట్టు, 8 అంకె కట్టు అను పేరుతో, జత్రుకాభంగమునకు ఐరోపాలో చిరకాలము వాడుకలో నుండెను.

ఆ యధ్యాయమున ముఖ్యమైనది కట్టు బిగువును గూర్చిన విచారము. వదులైన కట్టుచే స్థిరత్వము కలుగదు. మిక్కిలి బిగించిన వాపు, నొప్పి, చీము పుట్టును. కావున నడిమి తీరే మేలని సుశ్రుతుని మతము. చలికాలమున ఏడు దినములకు, సమకాలమున అయిదు దినములకు, ఎండకాలమున మూడు దినములకు కట్టు విప్పి మరల కట్టవలెను. బద్దలకు ఇప్ప, మేడి, రావి, మోదుగ, మద్ది, మఱ్ఱి మొదలగువాని పట్టలును వెదురును చెప్పబడినవి. చిన్న వయసున ఒక నెలకు, నడివయసున రెండు నెలలకు, ముదిమిని మూడు నెలలకు ఎముక గట్టిపడునని లెక్క. జత్రుక విషయమున నేటి వైద్యులు పిల్లలకు 3, 4 వారములును, పెద్దలకు 6 మొదలు 12 వారములును చెప్పుచున్నారు. రెండు లెక్కలకును దూరము స్వల్పము.

పుత్తూరు కట్టునకు 1881వ సంవత్సరము ఆది యని ఆ వంశమువారి సంప్రదాయము. పుత్తూరు చెంతనున్న రాచపాలెమున రాజుల కుటుంబమునకు చెందిన కేశవరాజు దీనికి మూలపురుషుడనియు, వేటకు పోయినపుడు అడవి యాకుల గుణమును కనుగొనెననియు చెప్పుదురు. వేట కథను చరిత్రగ గ్రహింపనక్కరలేదు. విద్య తండ్రినుండి కొడుకునకు చేతిపనిగ వచ్చినదనుట మాత్రము నమ్మదగినది. ఆకు ముద్ద, కోడిగ్రుడ్డు తెల్లసొన, మినుగుల పిండి, గుడ్డ, వెదురు బద్దలు – ఇవి సాధనములు. తెల్లసొన యారిన పిదప గుడ్డ బిరుసెక్కి బద్దలను కదలనీయదు.

ఇచ్చట భాష యొక సాక్ష్యము నిచ్చుచున్నది. హాలెండు సైనిక వైద్యుడు మథైసెను 1851లో ప్లాస్టరాఫ్ పారిస్ కట్టును కల్పించెను. అది మన దేశమునకు వచ్చిన పిదప తెలుగువారు దానిని 'పిండికట్టు' అనిరి, తమిళులు 'మావుక్కట్టు' అనిరి. ఆ తెల్లని పొడి పిండివలె నుండుటచే నాపేరు వచ్చెననవచ్చును. కాని పిండితో కట్టు కట్టుట జనులకు ముందే తెలిసియుండుటచే క్రొత్తదానికి పాతపేరు పెట్టిరనుట యింకను సమంజసముగ తోచును.

1881వ సంవత్సరమునకు మరియొక విశేషము కలదు. జర్మను శస్త్రవైద్యుడు ఫోల్క్‌మన్ ఆ యేటనే, మిక్కిలి బిగించిన కట్టుచే రక్తప్రసారము తగ్గి కండరములు చచ్చి చేయి వంకరపోవుటను వివరించి ప్రకటించెను. ఒకే యేట ఒకచోట కట్టునకు కీర్తి మొదలిడుట, వేరొకచోట కట్టు చేయు కీడు వెల్లడియగుట కేవలము కాకతాళీయము. కాని చరిత్రకారుడు రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూడవలసియున్నది. మోచేయి విరిగిన పిల్లవానికి బిగించిన కట్టు చేతినే పోగొట్టవచ్చును. జత్రుకకు నంత భయము లేదు. చంకలో నరములు, రక్తనాళములు నొత్తుకొని చేయి తిమ్మిరెక్కునట్లు కట్టిన మాత్రము ఇచ్చటను కీడు తప్పదు.

పుత్తూరు 1911కు పూర్వము ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. ఆ యేట చిత్తూరు జిల్లాలో చేరినది. 1953లో ఆంధ్రరాష్ట్రమున, 2022లో తిరుపతి జిల్లాలో చేరినది. 1960 ఏప్రిల్ 1న పొరుగుననున్న తిరుత్తణి మద్రాసు రాష్ట్రమునకు పోగా, ఒకే రైలుమార్గముపై నున్న రెండూళ్ల నడుమ రాష్ట్రపు ఎల్ల ఏర్పడెను. అరక్కోణము నుండి రేణిగుంటకు పోవు ఆ రైలుమార్గమే చేయి విరిగినవారిని పుత్తూరునకు చేర్చుటకు తోడ్పడియుండును. పిదప పేరే ప్రయాణము చేసెను. ఆ వంశముతో సంబంధము లేనివారును తమ పలకలపై పుత్తూరు పేరు వ్రాసికొనిరి. తమిళనాట స్థిరపడిన తెలుగువారి పేర్లు కొన్ని తమిళ రూపము దాల్చినట్లే, యీ యూరిపేరును ఊరిని విడిచి చికిత్సకు పేరైనది.

ఇక కీర్తి యెవరిదను ప్రశ్న. జత్రుకాభంగము స్పంజువంటి యితర యెముకలవలె త్వరగ నతుకుననియు, రోగి మొదట మిక్కిలి భయపడి పిదప నశ్రద్ధ చేయుననియు హిప్పొక్రేటసు పేర నిలిచిన గ్రీకు గ్రంథమే చెప్పినది. అమెరికా శస్త్రవైద్యుడు నీర్ 1960లో ప్రకటించిన లెక్కలో, కోయక చికిత్స చేసిన 2,235 మందిలో ఎముక అతుకనివారు ముగ్గురే. 1987లో డెన్మార్కు వైద్యులు 8 అంకె కట్టును, మెడకు వ్రేలాడగట్టు జోలెను పోల్చి, ఎముక యతుకుటలో భేదము లేదనియు, జోలెతో బాధ తక్కువయనియు తేల్చిరి. అనగా నే కట్టు కట్టినను ఈ యెముక చాలవరకు నతుకును. ఇట్టి యెముకపై కట్టువైద్యుడు పేరు పొందుట సులభము. ఆ పేరును నమ్మి మోచేయి విరిగిన పిల్లవానిని తెచ్చినప్పుడే చిక్కు. అట్లని జత్రుకకును శస్త్రచికిత్స యెన్నడును వలదనరాదు. తునుకలు పూర్తిగ తొలగిన వారిని గూర్చి కెనడా వైద్యులు 2007లో ప్రకటించిన పరిశీలనమున, జోలెతో విడిచిన 49 మందిలో ఏడుగురికిని, లోహపు పలక బిగించిన 62 మందిలో ఇద్దరికిని ఎముక యతుకలేదు. తునుకల తీరును తెలుపు ఎక్సురే 1895కు పూర్వము లోకమున లేదు. కేశవరాజు కాలమున వ్రేళ్లే కన్నులు.

నేటి పద్ధతిలో రెండు మూడు వారములు జోలె చాలును. వ్రేళ్లు, మణికట్టు, మోచేయి మొదటి దినమునుండియే కదలింపవలెను; లేనిచో నెముక యతికినను కీళ్లు బిగిసికొనును. పిదప ముందునకు వంగి చేతిని లోలకమువలె నూపుట, ఆరు వారములు దాటిన పిమ్మట భుజముకంటె పైకెత్తుట, ఇంచుమించు మూడు నెలలకు బరువు మోయుట. తునుక చర్మమును పొడుచుచున్నను, చేయి చల్లబడినను, తిమ్మిరెక్కినను, ఊపిరి యాడకున్నను ఏ కట్టును నమ్మక ఆసుపత్రికి పోవలెను. మానిన చోట బొడిపె నిలుచును. దానిని చూచి కట్టు చెడినదని కట్టినవానిని నిందించువారు కలరు. అది యెముక వేసికొన్న యతుకు. పిల్లలలో నది కొంతకాలమునకు సమసిపోవును, పెద్దలలో కొంత మిగిలియుండును.